అన్నాడు, అరిచాడు, ఒప్పుకున్నాడు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క ముక్కలో చెప్పచ్చు. ఒక మనిషి మామూలుగా మాట్లాడితే, అతను అరిచాడని రాశాను. కోపంతో రాయలేదు, లంచం తిని రాయలేదు. ఆ మనిషి మీద నాకు ఏ పగా లేదు. ఆ ఇంగ్లీషు మాట ఆ పేజీలో అందంగా ఉంటుందని రాశాను. ఆ అందానికి అతని ఉద్యోగం పోయింది.

డెబ్భైల్లోనూ ఎనభైల్లోనూ నేను అమలాపురంలో స్టెనోగా పనిచేశాను. కాలవల మీద పెత్తనం చేసే ఆఫీసు మాది. పేరు అక్కర్లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అని అడుగుతుంటారు. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నది ఈ ఒక్క కథ.

అసలు ఉద్యోగం

స్టెనో అంటే చేతివేగం అనుకుంటారు. చేతివేగం ఆరు నెలల్లో వస్తుంది. అసలు సంగతి వేరు. మా కోనసీమ మనిషి తెలుగులో మాట్లాడతాడు. రికార్డు ఇంగ్లీషులో ఉండాలి. తీర్పు చెప్పే ఆఫీసరు కాకినాడలో ఉంటాడు. ఆయన ఈ మనిషిని చూడడు, ఇతని గొంతు వినడు. ఆయనకి చేరేది మనం కొట్టిన టైపు కాగితం ఒక్కటే. ఆ కాగితంలో మనిషి ఎలా నిలబడితే ఆయన దృష్టిలో అలాగే ఉండిపోతాడు.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినేవాణ్ణి కాదనుకోండి. అప్పట్లో నా ఇంగ్లీషు మీద నాకు అంత మోజు.

పెద్దిరాజు గారి ఎర్ర పెన్సిలు

ఆ మోజు అంటించింది మా ఆఫీసరు పెద్దిరాజు గారు. మంచి మనిషి. సంతకం పెట్టే ముందు ప్రతి కాగితాన్నీ చదివేవారు, అదే వచ్చిన చిక్కు. నేను చేరిన కొత్తలో ఒక విచారణ రికార్డు టైపు చేసి తీసుకెళితే, ఎర్ర పెన్సిలుతో పేజీ నిండా సున్నాలు చుట్టారు.

"ఏమయ్యా మూర్తీ, ఇది రికార్డా, వానాకాలం చెరువా? ఎక్కడ చూసినా సెడ్, సెడ్, సెడ్ అని కప్పలు అరుస్తున్నాయి."

"మరి వాళ్ళు అన్నారు కదండీ. అన్నారనే రాశాను."

"ఇంగ్లీషులో మాటలకి కరువొచ్చిందా? దొరలు అంత భాష వదిలి వెళ్ళింది, నువ్వు ఒక్క మాట అరగదీయడానికా?"

అని బీరువాలోంచి అట్ట ఊడిపోయిన ఒక పర్యాయపదాల పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని భక్తిగా ఇంటికి తీసుకెళ్ళి బట్టీ పట్టాను. మాట్లాడడానికి ఇంగ్లీషులో అన్ని మాటలున్నాయని అప్పుడే తెలిసింది. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి అప్పజెప్పేవాణ్ణి. ఆవిడ గరిటె పట్టుకుని అడిగేది: "ఇప్పుడు పచ్చడి వెయ్యమని మీరు అడిగేరా, ఆజ్ఞాపించేరా, బతిమాలేరా? తేల్చి చెప్పండి. దాన్నిబట్టి వేస్తాను."

ఆవిడకి తెలిసిన తేడా నాకు తెలియలేదు. పుస్తకంలో అవన్నీ ఒకే వరసలో, కామాలు పెట్టి, అన్నదమ్ముల్లా నిలబడి ఉండేవి. ఒకటి అయిపోతే ఇంకోటి వాడుకోవచ్చనుకున్నాను.

అన్నదమ్ములేమీ కారు. మర్మర్ అంటే మెల్లగా, కాలవలో నీళ్ళు కదిలినట్టు మాట్లాడడం. అందులో తప్పేమీ లేదు. మటర్ కూడా మెల్లగా మాట్లాడడమే, కాని అందులో గిట్టనితనం ఉంటుంది. ఎదుటివాణ్ణి పళ్ళ మధ్య తిట్టుకుంటున్నాడేమో అనిపిస్తుంది. మంబుల్ అంటే మాట స్పష్టంగా లేకపోవడం, నోట్లో కిళ్ళీ ఉన్నట్టు. విస్పర్ అంటే పక్కవాడికి వినపడకూడదని చెప్పడం. నాలుగింటిలోనూ గొంతు చిన్నదే. కాని ఒకడు మెత్తని మనిషి, ఒకడు పొగరుబోతు, ఒకడు తడబడేవాడు, ఒకడు ఏదో దాస్తున్నవాడు.

రిప్లై అంటే జవాబు. రిటార్ట్ అంటే ఎదురుజవాబు, అందులో మిరపకాయ ఉంటుంది. క్లెయిమ్ అన్నామంటే, అతను అలా అంటున్నాడు గాని నాకు నమ్మకం లేదు సుమా అని రాసేవాడు పక్కనుంచి కన్ను గీటినట్టు. అన్నిటికంటే ప్రమాదమైంది అడ్మిట్. ఒక మనిషి "అడ్మిటెడ్" అని రాశామంటే, ఆ సంగతి నిజమనీ, అది అతనికి మచ్చ అనీ, దాన్ని అతని నోట్లోంచి లాగామనీ మూడూ మనమే తేల్చేసినట్టు. విచారణ ఇంకెందుకు?

తెలుగులో ఈ పొరపాటు నేను చచ్చినా చెయ్యను. ఒకతను అన్నాడనడానికి బదులు వాగాడు, దబాయించాడు, నసిగాడు, సణిగాడు అని నలుగురిలో చెప్పి చూడండి, సాయంత్రానికి ఇంటి ముందుకొచ్చి నిలదీస్తాడు. తెలుగు మాట నాలుక మీద పెట్టుకుంటే కారమో తీపో మనకి తెలుస్తుంది. ఇంగ్లీషు మాట నాకు రంగే కనిపించింది గాని రుచి తెలియలేదు. పైగా ఆ మాట ఎవరి మీద వేశానో అతనికి ఇంగ్లీషు రాదు. నిలదీసేవాడు లేని చోట ఎవరికైనా కలం వదులవుతుంది.

దానియేలు విచారణ

దానియేలు ఒక లాకు దగ్గర లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, పడవలు వదలడం అతని పని. పగలూ రాత్రీ నీళ్ళ హోరు పక్కనే బతుకు. ఆ హోరులో అవతలి గట్టు మీది మనిషికి వినపడేలా మాట్లాడీ మాట్లాడీ అతని గొంతు అలాగే స్థిరపడిపోయింది. చెవి కూడా కాస్త మందగించింది. అతను "మంచినీళ్ళు కావాలండీ" అంటే మా ఆఫీసులో టైపు మిషన్లు ఆగిపోయేవి.

ఒకసారి పెద్ద వాన పడి, కాలవ పొంగి, ఎగువ రైతుల నారుమళ్ళు మునిగాయి. తలుపులు ఎత్తమని సాయంత్రమే చెప్పాననీ, దానియేలు ఎత్తనని తిరగబడి పొగరుగా మాట్లాడాడనీ సూపర్‌వైజరు రిపోర్టు పెట్టాడు. అసలు ఆయన రానే లేదనీ, ఎవరూ ఏమీ చెప్పలేదనీ దానియేలు మాట. సాక్షులు లేరు. కాగితం మీద ఆర్డరు లేదు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలన్నదే ప్రశ్న. దానియేలు మాట నమ్మకపోతే అతనికి ఉద్యోగం పోతుంది, దాంతోపాటు లాకు పక్క క్వార్టరూ పోతుంది. అతనికి భార్య మార్తమ్మ, చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు.

విచారణ చేసింది పెద్దిరాజు గారు. "నువ్వు వింటూ ఇంగ్లీషులో రాసెయ్యవయ్యా, నేను చూసుకుంటాను" అన్నారు. నేను పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

"ఆ రోజు సూపర్‌వైజరు గారు లాకు దగ్గరకి వచ్చారు," అన్నారు పెద్దిరాజు గారు.

"ఆయ్," అన్నాడు దానియేలు.

"వచ్చి, తలుపులు ఎత్తమన్నారు."

"ఆయ్."

"నువ్వు ఎత్తనన్నావు."

"ఆయ్... లేదండీ! అలా నేనన్లేదండీ! ఆయన రానే లేదండీ బాబూ!"

నేను రాజోలు దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఆయ్ అనకపోతే మర్యాద లేదని మా నాన్న చేతిలో మొట్టికాయలు తిన్నవాణ్ణి. వింటున్నానండీ, చెప్పండీ అని దాని భావం. మీరన్నది నిజం అని కాదు. ఈ లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. కాని నేను రాసింది ఇది: మొదట సూపర్‌వైజరు వచ్చినట్టూ, ఆదేశించినట్టూ అడ్మిటెడ్. తరవాత షౌటెడ్, అంటే అరిచాడు, మాట మార్చాడు.

"మరి నీళ్ళు అంత పైకి ఎలా వచ్చేశాయి?" అని పెద్దిరాజు గారు అడిగారు.

"వాన పడితే పెరుగుతాయి కదండీ?"

పెద్దిరాజు గారే నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే రిటార్టెడ్ అని రాశాను.

ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పే ముందు దానియేలు తల వంచి పెదాలు కదిపేవాడు. అదేమిటో నేను అడగలేదు. మటర్డ్ అని రాసుకున్నాను. ఆ మాట వాడే అవకాశం అప్పటిదాకా రాలేదు మరి.

టైపు కాగితం చదివి పెద్దిరాజు గారు మురిసిపోయారు. "భలే రాశావయ్యా! మనిషి కళ్ళెదుట నిలబడ్డట్టుంది."

నిలబడ్డమాట నిజమే. కాకపోతే ఆ నిలబడ్డవాడు దానియేలు కాదు.

ఆర్డరు చదివి చెప్పమన్నారు

కాకినాడ నుంచి ఆర్డరు వచ్చింది. ఉద్యోగంలోంచి తీసేశారు. దానియేలూ మార్తమ్మా ఆ కాగితం పట్టుకుని తిన్నగా నా దగ్గరకే వచ్చారు. ఆఫీసులో ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణి నేనే అని ఎవరో చెప్పారట.

"కాస్త చదివి, తెలుగులో చెప్పండి బాబుగారూ," అన్నాడు దానియేలు.

విచారణాధికారి ఎదుటే ఈ మనిషి ప్రవర్తించిన తీరు చూస్తే సూపర్‌వైజరు ఫిర్యాదు నమ్మదగినదిగా ఉంది అని ఆర్డరులో ఉంది. కింద రుజువులుగా నా మాటలే వరసగా పేర్చారు. నేను వాటిని ఒక్కొక్కటీ తెలుగు చెయ్యాలి, అదీ ఆ మనిషి ముఖం చూస్తూ.

"నువ్వు... అరిచావట."

"నేనెప్పుడు అరిచేనండీ?" అన్నాడు, ఆఫీసంతా తలెత్తి చూసేలా.

"మొదట ఒప్పుకుని, తరవాత మాట మార్చావట."

"ఒప్పుకోడమేంటండీ? పెద్దాయన మాట్లాడతా ఉంటే ఆయ్ అన్నానండీ. అనకపోతే ఈడికి మర్యాద తెలీదనుకుంటారు కదండీ?"

"జవాబు చెప్పే ముందు ఏదో గొణుక్కున్నావట. ఆఫీసరు గారిని తిట్టుకున్నావని వాళ్ళ భావం."

దానియేలు మార్తమ్మ వైపు చూశాడు. ఆవిడ అంది: "ప్రార్థన చేసుకున్నారండీ. ప్రభువా, నా నోట అబద్ధం రానీకు అని. పొద్దున్న నేనే చెప్పి పంపించేను."

చదవడం ఆపి కాగితం బల్ల మీద పెట్టేశాను. దానియేలే నన్ను ఓదార్చాడు. "తమరేం చేస్తారండీ? మనం మామూలుగా మాట్లాడినా ఇంగ్లీషులోకి ఎళ్ళేసరికి అలా పడతాది కామోసండీ. ఆ బాస తీరే అంత."

ఆ మాట పట్టుకుని దాక్కున్నాను. అవును, ఇంగ్లీషు అంతే అన్నట్టు తలూపాను. మార్తమ్మ మాత్రం నా వైపు కాసేపు అలాగే చూసింది.

రెండో తప్పు

నిజం చెప్పే ధైర్యం లేక, వాళ్ళ తరఫున అర్జీ రాసిపెట్టాను. ఊరికే, ఎంతో ఉదారంగా. ఇందులో దానియేలు మెత్తని మనిషి. ఇంప్లోర్స్, బిసీచెస్, అంటే కాళ్ళావేళ్ళా పడతాడు, కన్నీళ్ళతో మొరపెట్టుకుంటాడు. ఒక తప్పుని దిద్దడానికి అదే పుస్తకం మళ్ళీ తెరిచాను. బురదకాలిని బురదనీళ్ళలోనే కడుక్కున్నాను.

ఈలోగా కాకినాడలో ఆర్డరిచ్చిన ఆఫీసరు బదిలీ అయి ఆ కుర్చీలోకి కొత్తాయన వచ్చారు. ఆయన రికార్డునీ అర్జీనీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. నన్ను కాకినాడ రమ్మని కబురు చేశారు. దానియేలునీ రమ్మన్నారు.

మొదట నన్నే లోపలికి పిలిచారు. "ఈ కాగితంలో ఒకడు పులిలా గాండ్రిస్తున్నాడు. ఈ కాగితంలో ఒకడు పిల్లిలా కాళ్ళు నాకుతున్నాడు. ఇద్దరి పేరూ దానియేలే. కవలలా?"

"కాదండీ."

"రెండిట్లోనూ కామాలు ఒకేలా ఉన్నాయి. టైపు మిషన్లో విరిగిన అక్షరం కూడా ఒకటే. ఈ ఇద్దరినీ కన్న తల్లి ఎవరు?"

నేను ఒప్పుకున్నాను. ఇక్కడ ఆ మాట సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది నిజం, నాకు మచ్చ, పైగా ఆయన అడిగితే గాని బయటికి రాలేదు. ఏ మాట ఎందుకు వేశానో అన్నీ చెప్పాను. ఆయ్ గురించి, ప్రార్థన గురించి, లాకు హోరు గురించి. ఆయన కోపపడలేదు. కోపపడి ఉంటే బాగుండేది. బంట్రోతుని పిలిచి దానియేలుని లోపలికి పంపమన్నారు.

దానియేలు గుమ్మంలో నిలబడి చేతులు జోడించి, "నమస్కారమండీ!" అన్నాడు.

కిటికీలో కూర్చున్న పావురాలు లేచిపోయాయి. పక్కగదిలోంచి గుమాస్తా ఒకతను ఏమైందో అని తొంగి చూశాడు. ఆఫీసరు గారు చెవి రుద్దుకుంటూ నా వైపు తిరిగారు. "ఇప్పుడు ఇతను నన్ను తిట్టాడా?"

"లేదండీ. నమస్కారం పెట్టాడండీ."

"అదీ రాసివ్వు. నీ సంతకంతో."

రాసిచ్చాను. రికార్డులో ఫలానా ఫలానా మాటలు సాక్షివి కావు, స్టెనోవి అని. నా సర్వీసు పుస్తకంలో మందలింపు పడింది. పెద్దిరాజు గారు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తరవాత నా కాగితాల్లో సెడ్ కనిపిస్తే ఊరికే నిట్టూర్చేవారు, పెన్సిలు మాత్రం తియ్యలేదు. దానియేలుకి తిరిగి ఉద్యోగం ఇచ్చారు, అదే లాకు, అదే ఇల్లు.

గట్టు మీద

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాడిలా మిగిలిపోతాను. అలాగే మిగిలిపోదామని చూశాను కూడా.

నేను గదిలో చెప్పింది దానియేలుకి తెలియదు. స్టెనో గారు కాకినాడ దాకా వచ్చి తన తరఫున మాట్లాడారని మాత్రమే అతనికి తెలుసు. ఊరందరికీ అదే చెప్పాడు, అతని గొంతుతో. ఇక దారిన పోయే పడవవాళ్ళకి కూడా నా మంచితనం తెలిసిపోయింది. మా ఇంటికి కొబ్బరి బొండాలు వచ్చేవి, అరటిగెల వచ్చేది. నేను తీసుకున్నాను. బొండాలు బాగుండేవి.

మా ఆవిడకి సంగతంతా తెలుసు. ఒకరోజు బొండం కొడుతూ అంది: "ఈ నీళ్ళు మీకు ఎలా దిగుతున్నాయండీ?" అడిగిందో, దెప్పిందో, మందలించిందో ఈసారి నాకు బాగా తెలిసింది.

మర్నాడు బస్సు దిగి కాలవ గట్టు వెంట నడిచి లాకు దగ్గరకి వెళ్ళాను. దానియేలు అవతలి గట్టున తలుపుల గొలుసుకి గ్రీజు రాస్తున్నాడు. లాకులో ఒక ధాన్యం పడవ వదలడం కోసం ఆగి ఉంది. ఇవతల నలుగురు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు, వాళ్ళలో మార్తమ్మ ఒకరు. మధ్యలో నీళ్ళ హోరు. అతన్ని ఇటు పిలిచి మెల్లగా చెప్పి వచ్చేద్దామనుకున్నాను.

"దానియేలూ, నీతో ఒక మాట చెప్పాలి. ఇటు రా," అన్నాను.

"ఏంటండీ?"

"నీ విషయమే!"

"ఇనపడ్డం లేదండీ! పడవ వదలాలండీ, కదలకూడదు! అక్కణ్ణించే గట్టిగా చెప్పండి!"

వెనక్కి వెళ్ళిపోవచ్చు. వెళితే మళ్ళీ రానని నాకు తెలుసు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

"ఆ మాటలు ఇంగ్లీషు తీరు కాదు! నేను రాసినవి! నీ ఉద్యోగం తీసింది నేను!"

ఉతికే చప్పుడు ఆగింది. పడవవాడు గెడ పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"అంటే... అరిచేనని తమరే రాసేరాండీ?"

"నేనే!"

"తిట్టుకున్నానని కూడానండీ?"

"అదీ నేనే! తప్పయిపోయింది! నన్ను క్షమించు!"

దానియేలు వంగి చక్రం తిప్పాడు. పడవ నిదానంగా బయటికి వెళ్ళింది. అప్పుడు తలుపుల మీంచి నడిచి ఇటు వచ్చి, నా పక్కన నిలబడి, అతనికి ఉందని నేను ఎన్నడూ అనుకోనంత చిన్న గొంతుతో అన్నాడు:

"అంత గట్టిగా చెప్పేసేరేంటండీ? అందరూ ఇన్నారు. తమరి పరువేం కావాలండీ?"

మార్తమ్మ చీర పిండుతూ దగ్గరకి వచ్చింది.

"ఆయన క్షమించేస్తారండీ. ఆయనకి అదొక జబ్బు. నాకు మట్టుకు ఒకటి కావాలి."

"చెప్పమ్మా."

"మా పెద్దదానికి ఇంగ్లీషు చెప్పండి. బాగా చెప్పండి. రేపు ఆళ్ళ నాన్నకి ఏ కాయితం వచ్చినా అదే చదివి చెప్పాలి. మళ్ళీ తమరి దగ్గరకి రాకుండా."

ఆ ఆదివారం నుంచి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళడం మొదలుపెట్టాను. వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి నేను గట్టు మీద ఉండేవాణ్ణి. ఆ అమ్మాయి పేరు రూతు. పెద్ద పరీక్ష దగ్గరకొచ్చిన పిల్ల, తల్లి చూపే వచ్చింది. మొదటి రోజు పుస్తకం తెరవకుండానే అడిగింది: "మా నాన్న మాట్లాడతారు కదండీ, దాన్ని ఇంగ్లీషులో ఏమనాలండీ?"

నాకు తెలిసిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పలేదు. అవతల దానియేలు ఎవరో పడవవాడితో మాట్లాడుతున్నాడు.

"ముందు వెళ్ళి నాన్న పక్కన కూర్చుని వినమ్మా," అన్నాను. ఆ పిల్ల వెళ్ళింది. నేనూ వెళ్ళి కూర్చున్నాను.